మిలిటరీ రైలు బొమ్మలు

"దొంగ పేరు నా చెవుల పడేదాక ఈ ఇంట్ల ముద్ద ముట్ట. అంతే."

నిన్న పొద్దున అన్న మాటనే పెద్దులు మళ్లీ అన్నాడు. మగ్గం దిగకుండా, అడ్డపోగు మోసే నాడె ఆపకుండా అన్నాడు.

రాములవ్వ గంజి చెంబు పట్టుకుని మొగుడి పక్కన నిలబడి ఉంది. చెంబు చల్లారిపోయి చాలాసేపయింది. నిన్నటి నుంచి ఇది నాలుగో చెంబు.

"గంజన్న తాగు. ముద్ద గాదు గదా అది."

"పేరు చెప్పు. తాగుత."

ఆమె చెంబును గోడవార పెట్టి, మగ్గం పక్కన తన పీట మీద కూర్చుంది. బుట్టలోంచి ఎర్రదారం కండె తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అది అయ్యాక పచ్చది. మూడేళ్లుగా అదే ఆమె పని. ముసలితనంలో వీళ్ల ప్రేమ ఎక్కువైందని కాశిబుగ్గ ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఇవాళ నవ్వేవాళ్లు ఎవరూ ఆ వాకిట్లోకి రావడం లేదు.

ఇంటి నడుమ ఆకుపచ్చ ట్రంకుపెట్టె నోరు తెరుచుకుని ఉంది. లోపల రెండు డాంబరు గోలీలు తప్ప ఏమీ లేవు. నిన్నటి నుంచి దాన్ని మూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

నలభై ఏళ్ల కింద యుద్ధం రోజుల్లో, పెద్దులు కాజీపేట స్టేషన్లో మిలిటరీ రైళ్లకు బకెట్లతో నీళ్లు మోసేవాడు. బండి కదిలేటప్పుడు సోల్జర్లు చదివేసిన బొమ్మల పుస్తకాలు కిటికీల్లోంచి విసిరేసేవాళ్లు. ఇనుప టోపీలు, ట్యాంకులు, మబ్బుల్లో దూసుకుపోయే ఎర్ర విమానం. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఏ గడి తర్వాత ఏ గడి, ఎవడు ఎవణ్ణి ఎందుకు తంతున్నాడు, అన్నీ బొమ్మల్లోనే చదువుకున్నాడు.

యుద్ధం అయిపోయింది. రైళ్లు ఆగిపోయాయి. ఆయన మగ్గం ఎక్కాడు. కాని చెయ్యి ఊరుకోలేదు. ఊళ్లో అచ్చయ్యే ఒక వారపత్రికకు వారానికి నాలుగు గడుల బొమ్మకథ గీశాడు. రైలు పట్టాలు సరిచేసే కూలీ కథ. 'పట్టాల పోచయ్య.' మూడేళ్లు నడిచింది. నాలుగో గడి మూలన చిన్న నాడె బొమ్మ వేసేవాడు. అదే ఆయన సంతకం.

బొమ్మల కింద మాటలు రాసింది రాజేశ్వర్ రావు. పత్రికలో అచ్చయింది ఆయన పేరొక్కటే.

రేపు ఆదివారం. హనుమకొండలో సభ. 'పట్టాల పోచయ్య' పుస్తకంగా వస్తోంది. బొమ్మలూ మాటలూ రెండూ తనవేనని రాజేశ్వర్ రావు దండ వేయించుకోబోతున్నాడు. కాదని చెప్పడానికి పెద్దులు దగ్గర ఉన్నవి ఆ పెట్టెలోని పెన్సిలు కాగితాలు, పత్రికలోంచి కత్తిరించి దాచిన ముక్కలు, ఆ విద్య నేర్పిన మిలిటరీ పుస్తకాలు.

ఉండేవి.

"మల్లొక్కసారి అడుగుతాన," అన్నాడు కొడుకు సారయ్య. రాత్రంతా నిద్రలేక అతని గొంతు బొంగురుపోయింది. "పాతసామాన్ల కట్టమ్మకు కాగితాలు అమ్మినవా, లేదా?"

"అమ్మిన," అంది అతని భార్య విమల. ఒళ్లో బట్టల మూట ఉంది. దాని ముడిని ఊరికే విప్పి మళ్లీ వేస్తోంది. "నువ్వు సదివి పారేసిన వారపత్రికలు. నువ్వే అమ్ముమన్నవ్."

"అండ్ల బొమ్మల పుస్తకాలు లేవా?"

"లేవు."

"మరి ఏడ వోయినయ్?"

విమల మాట్లాడలేదు.

అదే ఆమె కొంప ముంచింది. తెల్వదు అని ఒక్కమాట అంటే సారయ్య నమ్మేవాడు. నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు కూడా. నిన్నటి నుంచి పదిసార్లు అడిగాడు. పదిసార్లూ ఆమె ఆ ఒక్కమాట దగ్గరకొచ్చి ఆగిపోయింది.

"తాళం పలగలేదు," అన్నాడు సారయ్య, ఎవరితోనో అన్నట్టు. "చెవి నాయిన మొలతాడుకు ఉంటది. తానానికి పోయేటప్పుడే తీసి గూట్ల పెడతడు. ఆయనకు నీళ్లు తోడిచ్చేది ఎవలు? నువ్వే."

"నేనే."

"గట్ల నిమ్మలంగ నేనే అంటవేందే? కొట్లాడు! నా మీద ఒర్రు! ఏమన్న అను!"

"ఏమంటా? ఒర్రే ఓపిక లేదు."

అరుగు మీద గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మొండయ్య దగ్గాడు. విమల తండ్రి. కబురందగానే పొద్దున బండికి స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చాడు. నాట్లు సగంలో వదిలేసి వచ్చాడు. పిక్కల మీద బురద ఇంకా ఎండలేదు.

"బావా," అన్నాడు మగ్గం వైపు చూస్తూ. "నా బిడ్డ దొంగ గాదంటే ఇడిచిపెట్టి పోత. అవునంటే తోల్కపోత. ఏదో ఒకటి చెప్పు. రెండింటికి బండి."

"నేను ఎవల్ని దొంగ అనలే మొండయ్యా. పేరు అడిగిన."

"నువ్వు పేరు అడుగుతవు, నీ కొడుకు నా బిడ్డ మొకం చూస్తడు. రెండూ ఒకటే గదా."

నాడె అటు నుంచి ఇటు వచ్చింది. ఇటు నుంచి అటు పోయింది. 

"అక్కా, నువ్వన్న చెప్పరాదు?" అన్నాడు మొండయ్య.

రాములవ్వ పసుపు కండె కోసం బుట్టలో వెతుకుతూ తల ఎత్తలేదు.

వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. పాండురంగం సార్ వచ్చాడు. బడి పంతులు. రేపటి సభలో లేచి నిలబడి అడుగుతానని మాటిచ్చింది ఆయనే. సంచిలో తెల్లకాగితాలు, స్టాంపు ప్యాడు తెచ్చుకున్నాడు.

తెరిచి ఉన్న ట్రంకు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"దొరకలేదా ఇంకా?"

"లేదు సార్."

సార్ చెప్పులు విప్పి లోపలికొచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.  తర్వాత కాగితం తీశాడు.

"రుజువులు దొరక్కుంటే సాక్ష్యమన్న ఉండాలె. అమ్మా, బొమ్మలు వేసేటప్పుడు చూసినదానివి నువ్వు. నీ మాట రాసుకుంటా, వేలిముద్ర వెయ్యి. పేరు రాములమ్మ. భర్త పేరు?"

రాములవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"భర్త పేరమ్మా?"

ఆమె కోడలి వైపు చూసింది. బట్టల మూట ఒళ్లో పెట్టుకుని, పుట్టింటికి వెళ్లడానికి కూర్చున్న కోడలి వైపు.

"పెద్దులు," అంది విమల, నేల చూస్తూ. "రాసుకోండ్రి సార్. మా అత్త ఆ పేరు పలుకది."

"నాకు తెల్వక అడిగిన్నా. రాసేటప్పుడు అలవాటు."

మొండయ్యకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. "దవాఖానల గూడ గంతే సార్. మోకాళ్ల నొప్పికి పోతే, చీటీ రాసేటోడు పెనిమిటి పేరు అడిగిండట. మా సారయ్య నాయిన అన్నదట. వాడు అట్లనే రాసిండు. ఇప్పటికీ ఆ చీటీల అక్క మొగని పేరు సారయ్య నాయిన."

ఎవరూ నవ్వలేదు. మొండయ్య నవ్వు కూడా సగంలో ఆగిపోయింది. ఆ రోజు దవాఖానాకు అత్తను తీసుకుపోయింది విమలే. మందులు తెచ్చిందీ ఆమే.

పాండురంగం కలం మూసి చుట్టూ చూశాడు. మంచం కింద అదే కొలతలో, అదే ఆకుపచ్చ రంగులో ఇంకో ట్రంకు ఉంది.

"అదేంది?"

"అండ్ల పాత పేపర్లుండె సార్. రెండు పెట్టెలు ఒక్కనాడే కొన్నడు నాయిన. ఒక్క చెవి రెండిటికీ పడతది."

"చూసినవా?"

"ఏమున్నదని చూడాలె? పోయినేడు మగ్గం అట్టలకు వాడినంక, ఖాళీ పెట్టె అది."

"చూడు."

సారయ్య విసుగ్గా తండ్రి దగ్గరకు వెళ్లాడు. పెద్దులు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి చెయ్యి చాచాడు. సారయ్య నిలబడ్డ వైపు కాక కొంచెం పక్కకు చాచాడు. సారయ్య ఆ సంగతి గమనించే స్థితిలో లేడు. లాక్కుని వెళ్లి మంచం కింది పెట్టెను ఒక్క చేత్తో ముందుకు ఈడ్చబోయాడు.

పెట్టె కదలలేదు. రెండు చేతులా పట్టి ఈడ్చాల్సి వచ్చింది.

మూత లేపాడు.

పెట్టె నిండా పాత పేపర్లు. కట్టలు కట్టలుగా అంచు దాకా ఉన్నాయి. పైన కట్టకు వేసిన నూలు ముడి కూడా విప్పినట్టు లేదు.

"దీంట్ల గూడ బొమ్మల పుస్తకాలు లేవు సార్," అన్నాడు సారయ్య నీరసంగా. మూత వెయ్యబోయాడు.

"ఆగు." పాండురంగం మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. "పోయిన శ్రావణంల నువ్వే నాకు చెప్పినవు. ఇల్లు కురిసి జకార్డు అట్టలన్నీ నానిపోయినయ్. బజార్ల అట్ట దొరకలేదు. మా నాయిన పాత పేపర్లు గంజితోటి అతికించి, కొత్త అట్టలు చేసిండు అని."

"అవును. నాలుగు వందల అట్టలు. పాత అట్ట కింద పెట్టి, బొక్కలు వేలితోటి తడిమి చూసుకుంట, ఒక్కొక్కటి ఉలితోటి గుద్దిండు. పదకొండు దినాలు. ఈ వాడకట్టుల ఎవలూ చెయ్యలేరు గా పని."

"పాత పేపర్లు ఈడనే ఉన్నయ్ గదా సారయ్యా. మరి ఆ అట్టలు దేంతోటి చేసిండ్రు?"

మగ్గం ఆగింది.

విమల ఒళ్లోంచి మూట జారి నేల మీద పడింది. తీసుకోలేదు.

మగ్గం నెత్తిన జకార్డు అట్టల దండ వేలాడుతోంది. కాలు తొక్కినప్పుడల్లా ఒక్కో అట్ట ముందుకు తిరుగుతుంది. బొక్క ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద నెమళ్లు పడేది అలాగే. ఏడాదిగా ఆ నెమళ్లే ఈ ఇంటికి తిండి పెడుతున్నాయి.

సారయ్య ఇంకో పీట ఎక్కాడు. చివరి అట్టకు కుట్టిన దారం పళ్లతో తెంపి కిందికి దిగాడు. వానతేమకు అట్ట మూల ఉబ్బి ఉంది. గోరు పెట్టి పొరను లాగాడు.

గంజి పొర చిరచిరమంటూ విడింది. మైలతుత్తం కలిపిన గంజి కదా, పురుగు ముట్టలేదు. రంగు కూడా చెక్కుచెదరలేదు.

నీలం ఆకాశం. దాని నడుమ ఎర్ర విమానం. విమానం నడిపేవాడి మొహం ఉండాల్సిన చోట గుండ్రటి బొక్క. రెక్కల మీద వరసగా ఏడు బొక్కలు.

సారయ్య ఇంకో పొర లాగాడు. పెన్సిలు గీతలు. భుజాన సుత్తి పెట్టుకుని పట్టాల వెంట నడుస్తున్న ఒక కూలీ. గడి మూలన సగం తెగిన చిన్న నాడె.

పాండురంగం సార్ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. సంచిలో పెట్టబోయి, మళ్లీ నేల మీదే పెట్టాడు.

"గంజి పెట్టింది ఎవలు?" అన్నాడు సారయ్య. అరవలేదు. అరిస్తేనే బాగుండేది. "చెప్పు విమలా. మా అవ్వకు చేతులు వణుకుతయ్. పొరలు అతికింది నువ్వే గదా?"

"నేనే అతికిన."

"బొమ్మలు కండ్లకు ఆనలేదా?"

"ఆనినయ్."

"ఆనినంక గూడ అతికినవా!"

మొండయ్య అరుగు దిగి గుమ్మంలోకొచ్చాడు. "బిడ్డా, ఏందిది? నువ్వు చెయ్యలేదంటే గదా నేను..."

"నాయినా, నువ్వు జర ఊకో." విమల కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి ఏమీ లేదు, ఎండిపోయి ఉన్నాయి. "కాగితాలు నా చేతికి వచ్చేసరికే కోసి ఉన్నయ్. మొదటి కట్ట అతికినంక చూసిన. అత్తా బొమ్మలున్నయ్ అన్న."

"అంటే?"

"బొమ్మలు కానరాకుంట పైన తెల్లకాగితం వేసి అతుకు అన్నది. ఎవలికీ చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టించుకున్నది. చెప్పలే. ఇప్పుడు గూడ చెప్పకపోదును. నువ్వు నా తండ్రి ముందట గిట్ల నిలబెట్టవడితివి."

అందరూ రాములవ్వ వైపు తిరిగారు.

ఆమె పీట మీదే కూర్చుని ఉంది. చేతిలో పసుపు కండె. మగ్గం ఆగిపోయి చాలాసేపయినా ఇంకా మొగుడికి అందిస్తున్నట్టే పట్టుకుని ఉంది.

"అవ్వా, నువ్వా?"

"కోసింది నేను గాదు. పెట్టెల నుంచి తీసింది నేను గాదు."

"మరి ఎవలు?"

ఆమె కండెను బుట్టలో పడేసింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది. నాలుగడుగులు వేసి, కొడుకు చేతిలోంచి ఎర్ర విమానం అట్ట తీసుకుంది. కిటికీ పక్కకు వెళ్లి నిలబడి, మగ్గం మీది మొగుడి వైపు చాపి పట్టుకుంది. బారెడు దూరం. కిటికీలోంచి వచ్చే వెలుతురు నేరుగా దాని మీదే పడుతోంది.

"ఇదేంది?" అని అడిగింది.

పెద్దులు ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

"అట్ట."

"అట్ట మీద ఏమున్నది?"

"ఏముంటది? బొక్కలుంటయ్. నేను గుద్దినయే."

"రంగేంది?"

ఆయన పెదవులు తడుపుకున్నాడు. కళ్లు చిట్లించాడు. ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా, అట్ట ఏ రంగులో ఉంటుందో ఆలోచిస్తున్నవాడిలా తల కొంచెం వంచాడు.

"తెల్లగ," అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మొండయ్యకు కూడా ఎర్రటి రెక్కలు స్పష్టంగా కనబడుతున్నాయి.

సారయ్య ఒక్కొక్కటే తలచుకున్నాడు. కండెలు రంగు ప్రకారం చేతిలో పెట్టే తల్లి. ఇందాక పక్కకు చాచిన తాళంచెవి. వేలితో తడిమి గుద్దిన నాలుగు వందల అట్టలు. ఒక్కరోజే కొన్న ఒకే రంగు పెట్టెలు రెండు. 

"మూడేండ్లాయె," అంది రాములవ్వ. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. పొద్దంతా నీళ్లు మోసి బిందె దించిన మనిషి గొంతు అది. "కండ్లకు పొర కమ్మింది. దవాఖానకు పోదామంటే, మగ్గం దించుతరు, నేను రాను అన్నడు. సారయ్యకు చెప్పకు అన్నడు. చెప్పలే. ఆ దినం మంచం కింద చెయ్యి పెట్టి, చేతికి దొరికిన పెట్టె ఈడ్చుకున్నడు. పాత పేపర్లే అనుకున్నడు. నేను పొయ్యి కాడ ఉన్న. వచ్చి చూసేసరికి అన్నీ పేలికలు పేలికలు కోసి పెట్టి, నవ్వుతాండు. ఇంక నేను పనికొస్త చూడు అని నవ్వుతాండు."

విమల వెక్కిన శబ్దం ఒక్కటే వినిపించింది.

"బొమ్మలు పోతే పోయినయ్ అనుకున్న. చెప్తే మగ్గం దిగుతడు. దిగితే మల్ల ఎక్కడు. అందుకే ఈ పిల్ల నోరు మూసిన. దీని కాపురమే పోతదని నాకేం ఎరుక?"

పెద్దులు మగ్గం మీద ముందుకు వంగాడు. చేతులు నేసిన బట్ట మీద అటూ ఇటూ తడుముతున్నాయి. నెమళ్ల మీద, వాటి ఈకల మీద. అవి దేనిలోంచి వచ్చాయో ఆయన వేళ్లకు అప్పుడే తెలిసినట్టుంది.

"ఎవలు?" అన్నాడు.  "పెట్టెల కెల్లి తీసింది ఎవలు? పేరు చెప్పు."

"వద్దవ్వా," అన్నాడు సారయ్య. "వద్దు. అర్థమైంది. నాయినా, ఇక చాలు..."

"నువ్వు ఊకో. రెండు దినాల సంది అడుగుతాన. పేరు నా చెవుల పడాలె."

ఆయన ఆ మాట అన్నది ఖాళీ పీట వైపు తిరిగి. భార్య ఇంకా అక్కడే కూర్చుని ఉందనుకున్నాడు.

రాములవ్వ కిటికీ దగ్గర నుంచి వచ్చి ఆ పీట పక్కన, ఆయన మొహం ఉన్న వైపు నిలబడింది. గోడవార పెట్టిన గంజి చెంబు తీసుకుంది. నోటికి అడ్డం పెట్టుకోబోయిన చెంగు కిందికి జార్చింది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఏ చీటీ రాసేవాడి ముందూ, ఏ దేవుడి ముందూ తియ్యని మాట కోసం ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

"పెద్దులు," అంది.